యాభై ఏళ్ల సండే లీగ్ క్లబ్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇంగ్లండ్‌లో ఒక సండే లీగ్ (ఆదివారాల్లో ఔత్సాహికులు ఆడే లీగ్) ఫుట్‌బాల్ క్లబ్‌కు ఆరేళ్లుగా ఆడుతున్నారు. వచ్చే ఏడాది క్లబ్‌కు యాభై ఏళ్లు నిండుతాయి. "నువ్వెలాగూ రోజంతా కంప్యూటర్ ముందే ఉంటావు కదా" అని కమిటీ వాళ్లు చరిత్ర రాసే పని మీ నెత్తిన పెట్టారు. రికార్డులు లేవు. గెలిచిన కప్పులు రెండే. పేరున్న ఆటగాడు ఒక్కడూ రాలేదు. ఇందులో రాయడానికి ఏముంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

పాత సెక్రటరీ ఇంటి నుంచి మొదలుపెట్టండి. ఎక్కువ గోల్స్ కొట్టినవాణ్ని, కప్పు ఎత్తిన కెప్టెన్‌ను తర్వాత తీరిగ్గా కలవచ్చు. సెక్రటరీని మాత్రం ఈ నెలలోనే కలవండి. కౌన్సిల్‌కు ఫోన్ చేసి పిచ్ బుక్ చేసింది ఆయన. రెఫరీని పిలిచింది, ఫలితం లీగ్‌కు పంపింది, కౌంటీ ఎఫ్ఏ (ఆ ప్రాంతపు ఫుట్‌బాల్ సంఘం) వేసిన జరిమానాలు కట్టింది కూడా ఆయనే. క్లబ్ మొత్తంలో కాగితం ముట్టుకున్నది ఆ ఒక్క మనిషే. ఆయన ఇంట్లో అటక మీదో, గరాజ్‌లోనో ఒక సంచి ఉంటుంది. ఆయన పోతే పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట చెత్తలోకి వెళ్లేది ఆ సంచే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది సికింద్రాబాద్. ఇరవై ఏళ్లకు పైగా తూర్పు లండన్‌లో ఉంటున్నాను. ఆఫీసు మిత్రుడు ఒకాయన "ఆదివారం పదిమందే ఉన్నాం, వస్తావా" అంటే వెళ్లినవాణ్ని, అక్కడే ఉండిపోయాను. మొదట లెఫ్ట్ బ్యాక్, మోకాలు పోయాక లైన్స్‌మన్, ఆ తర్వాత తొమ్మిదేళ్లు సెక్రటరీ. మా క్లబ్ చరిత్రను చిన్న పుస్తకంగా వేశాం. ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను, రెండేళ్లు పట్టింది.

జరిమానా ఉత్తరాలను పారేయకండి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా పాత సెక్రటరీ గారి సంచిలో ట్రోఫీ ఫొటోలు ఉంటాయని ఆశపడి వెళ్లాను. దొరికినవి కౌంటీ ఎఫ్ఏ పంపిన ఉత్తరాలు, రబ్బరు బ్యాండు వేసిన మూడు కట్టలు. ఫలానా తేదీన, ఫలానా జట్టుతో మ్యాచ్‌లో, మీ ఆటగాడు ఫలానావాడు రెఫరీని తిట్టినందుకు ఇంత కట్టండి అని. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒక్కొక్కటీ తేదీల వారీగా పేర్చుకుంటూ పోతే ఎవరు ఏ ఏడాది ఆడారో, ఏ డివిజన్‌లో ఎవరితో ఆడామో కళ్లకు కట్టింది. గెలుపుల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు గానీ తప్పుల లెక్క మాత్రం పక్కాగా ఉంది, ఎందుకంటే దాంట్లో డబ్బు ఉంది. మర్యాదస్తులైన ఆటగాళ్లు మా పుస్తకంలో తక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇదే. పదేళ్లు ఆడి ఒక్కసారి కూడా రెఫరీ తప్పు రాసుకోని గోల్‌కీపర్ ఒకాయన ఉన్నాడు. ఆయన ఆడినట్టు రుజువు దొరకడానికే నాకు ఏడాది పట్టింది.

ఆ సంచిలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి: లీగ్ ఏటా వేసే చిన్న హ్యాండ్‌బుక్‌లు, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ కార్డులు, పిచ్ అద్దె రసీదులు, వారం వారం సబ్స్, అంటే ఆటగాళ్లు కట్టే చందా, వసూలు చేసిన నోటు పుస్తకం. సబ్స్ పుస్తకం దొరికితే మీ అదృష్టం పండినట్టే. ఎవరు వచ్చారు, ఎవరు బాకీ పడ్డారు, ఎవరికి ఉద్యోగం పోయినప్పుడు సెక్రటరీ ఆ పేరుకు ఎదురుగా సున్నా వేసి ఊరుకున్నాడు, అన్నీ అందులోనే ఉంటాయి.

ఇక క్లబ్ పుట్టిన ఏడాది. బ్యాడ్జి మీద ఉన్న ఏడాదిని నమ్మకండి. మా బ్యాడ్జి మీద ఉన్న ఏడాదికీ, కాగితాల్లో మొదటిసారి మా పేరు కనిపించిన ఏడాదికీ మూడేళ్ల తేడా వచ్చింది. అబద్ధమేమీ కాదు. మొదటి మూడేళ్లు ఒక పబ్ కుర్రాళ్లు లీగ్‌లో చేరకుండా సరదాగా ఆడారు. తర్వాత ఇంకో జట్టుతో కలిశారు, పేరు మార్చుకున్నారు, అప్పుడు లీగ్‌లో చేరారు. పుట్టినరోజు ఏదంటే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. నేను ఏదో ఒకటి తేల్చకుండా మూడూ రాసేశాను. యాభై ఏళ్ల పండుగకు హాలు బుక్ చేసేశారంటున్నారు కాబట్టి మీకో సలహా: తేడా వస్తే పండుగ ఆపకండి, పుస్తకంలో ఒక పేరా రాయండి చాలు.

మీ క్లబ్ డెబ్బైలలోది కాబట్టి మీకు పెద్దగా తగలదు గానీ, అంతకు ముందు పుట్టిన క్లబ్‌ల విషయంలో పుట్టిన ఏడాది గురించిన ఈ గొడవకు పెద్ద కారణమే ఉంది. మొదటి అధ్యాయంలో కొంచెం చెప్పండి, లేకపోతే ఆదివారం ఆడటంలో విశేషమేముందని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ శనివారం ఆట. 1850 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, పిల్లలకు శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పని ఆపేయాలంది. మిల్లు ఆగితే మగవాళ్లకూ పని ఉండదు. మెల్లగా మిగతా చోట్లా ఈ సగం సెలవు పాకింది. శనివారం 3 గంటల కిక్ ఆఫ్ అలా వచ్చింది. ఆదివారం చర్చిది. 1780 నాటి చట్టం ప్రకారం ఆదివారం టికెట్ పెట్టి జనానికి వినోదం నడపకూడదు. దేశం మొత్తం ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) కూడా తన కింద ఉన్న క్లబ్‌లనూ ఆటగాళ్లనూ ఆదివారం ఆడనిచ్చేది కాదు. ఆ నిషేధం 1960లో గానీ పోలేదు.

మరి శనివారం కూడా కొట్లో నిలబడాల్సినవాడి సంగతేమిటి? మార్కెట్లో బండి పెట్టుకున్నవాడి సంగతి? తూర్పు లండన్‌లో యూదులు చాలామంది ఉండేవాళ్లు, వాళ్లకు శనివారమే పవిత్ర దినం. వీళ్లంతా ఆదివారం పొద్దున పార్కుల్లో ఆడుకున్నారు, ఎఫ్ఏ గుర్తింపు లేకుండానే. హ్యాక్నీ అండ్ లేటన్ సండే లీగ్ 1946లో మొదలైంది, అంటే నిషేధం పోవడానికి పద్నాలుగేళ్ల ముందు. శనివారం గుర్తింపు పొందిన జట్టుకు ఆడేవాడు ఆదివారం ఇక్కడ దొరికిపోతే శిక్ష తప్పదు, అందుకని మారుపేర్లు. అర్థమైంది కదా, ఆ కాలం జట్ల జాబితాల్లో పేర్లు ఎందుకు కుదరవో. 1964-65లో ఎఫ్ఏ తానే సండే కప్ పెట్టింది. పదేళ్ల కిందట తప్పు అన్న ఆటకు కప్పు ఇచ్చారన్నమాట.

టికెట్ల చట్టం మాత్రం ఆ తర్వాతా మిగిలింది. 1974 జనవరిలో కరెంటు కోతలతో దేశమంతా వారానికి మూడు రోజుల పనిలోకి వెళ్లినప్పుడు, ప్రొఫెషనల్ జట్లకు కూడా ఆదివారం ఆడక తప్పలేదు. జనవరి 6న కేంబ్రిడ్జ్ యునైటెడ్, ఓల్డమ్ ఎఫ్ఏ కప్ మ్యాచ్ ఆడారు. గేటు దగ్గర టికెట్ అమ్మకూడదు కదా, అందుకని టికెట్ ధరకు ప్రోగ్రామ్ కాగితాన్ని అమ్మారు. పార్కుల్లో మనవాళ్లకు ఆ తిప్పలు లేవు, చూడటానికి వచ్చేవాళ్లే లేరు.

పేర్లతో జాగ్రత్త. నిషేధం పోయినా మారుపేర్లు పోలేదు. సండే లీగ్‌లో "రింగర్" అనే మాట మీరు వినే ఉంటారు. పొద్దున పదిమందే వస్తారు, పక్క వీధి కుర్రాణ్ని లాక్కొచ్చి, రానివాడి పేరు మీద ఆడిస్తారు. టీమ్ షీట్‌లో ఒకరు, మైదానంలో ఇంకొకరు. మా రికార్డుల ప్రకారం ఒకాయన ఒక సీజన్లో బోలెడు గోల్స్ కొట్టాడు. ఆయన్ను కలిసి అభినందిస్తే, "ఆ ఏడాది నేను కాలు విరిగి ఇంట్లో ఉన్నాను" అన్నాడు. ఆ గోల్స్ ఎవరివో ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. కాబట్టి కాగితం మీద ఉన్నదాన్ని మనిషితో, మనిషి చెప్పినదాన్ని కాగితంతో సరిచూసుకోండి. రెండూ కుదరకపోతే "అంటారు" అని రాయండి. ఆ మాట వాడటానికి మొహమాటపడక్కర్లేదు.

మైదానం కథ విడిగా రాయండి. నా దృష్టిలో సండే క్లబ్ చరిత్రలో సగం భూమి చరిత్రే. మేం ఎక్కువగా ఆడింది హ్యాక్నీ మార్షెస్‌లో. లీ నది పక్కన చిత్తడి నేల అది. లండన్ కౌంటీ కౌన్సిల్ దాన్ని కొని 1894లో జనానికి తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన లండన్ ఇళ్ల శిథిలాలను తెచ్చి అక్కడ పోశారు, నేల ఎత్తయింది, దాని మీద వరసగా పిచ్‌లు వేశారు. ఒక దశలో నూటికి పైగా పిచ్‌లు. ఒకే పొద్దున, ఒకే మైదానంలో, రెండు వేల మందికి పైగా ఆడటం ఊహించుకోండి. బంతి పక్క పిచ్‌లోకి పోతే అక్కడి మ్యాచ్ ఆపి మనకు తన్ని పంపేవాళ్లు. వానాకాలంలో స్లైడ్ చేస్తే మోచేతికి ఇటుక పెంకు తగిలేది. ఎవరింటి గోడో అనుకునేవాణ్ని. లేటన్‌స్టోన్‌లో పుట్టిన డేవిడ్ బెకమ్ చిన్నప్పుడు ఆడింది ఇక్కడే. 2012 ఒలింపిక్స్ వచ్చినప్పుడు తూర్పు వైపు భాగాన్ని బస్సుల పార్కింగ్‌కు తీసుకున్నారు, ఆటలయ్యాక మళ్లీ గడ్డి వేసి ఇచ్చారు. ఆ మధ్యలో మేం పిచ్ కోసం తిరిగిన తిరుగుడు పుస్తకంలో నాలుగు పేజీలు. మీ ఊళ్లో మీ మైదానం అంతకు ముందు ఏమిటి? చెత్తకుప్పా, రైల్వే భూమా, బడిదా? లోకల్ ఆర్కైవ్స్‌లో పాత మ్యాపులు ఉంటాయి, అడిగితే ఉచితంగా చూపిస్తారు. నాకు హ్యాక్నీ ఆర్కైవ్స్ వాళ్లు ఎంతో ఓపిగ్గా సాయం చేశారు.

పబ్ గురించి రాయాలా వద్దా అని మనవాళ్లకు ఒక సంకోచం ఉంటుంది. రాయాలి. కిక్ ఆఫ్ పొద్దున పదిన్నరకే ఎందుకంటే, చాలాకాలం ఆదివారం పబ్‌లు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకే తెరిచేవి, మళ్లీ సాయంత్రం 7కే. ఆట ముగించి, కాళ్లు కడుక్కుని, పబ్‌లో కూర్చోవాలంటే పదిన్నర దాటకూడదు. 1988లో 3 గంటల దాకా పెంచారు, 1995లో మధ్యాహ్నం విరామమే ఎత్తేశారు. జట్టు కమిటీ మీటింగులు, వచ్చే వారం టీమ్, చందాలు, గొడవలు అన్నీ ఆ రెండు గంటల్లో అక్కడే. చాలా జట్ల పేర్లు పబ్ పేర్లే. పబ్ మూతపడితే జట్టూ మూతపడేది.

ఆటగాళ్లు ఎప్పుడు తగ్గారో మీ పాతవాళ్లను అడగండి. మా వాళ్లు తొంభైల మధ్య నుంచి అన్నారు. 1994 చట్టంతో పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలు తెరవొచ్చని వచ్చింది. సూపర్ మార్కెట్లో పనిచేసే కుర్రాళ్లకు ఆదివారం షిఫ్టులు పడ్డాయి. మా జట్టులో ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు ఒకే దుకాణంలో చేసేవాళ్లు, ఒకే నెలలో ఆట మానేశారు. అదే సమయానికి టీవీలో ఆదివారం మ్యాచ్‌లూ ఎక్కువయ్యాయి గానీ అవి మధ్యాహ్నం వచ్చేవి కాబట్టి మాకు అంత దెబ్బ కాదు. ఐదుగురు ఆడే టర్ఫ్ ఆటలు కూడా చాలామందిని లాక్కున్నాయి. రాత్రి ఒక గంట ఆడి ఇంటికెళ్లొచ్చు, నెట్ కట్టే పని లేదు.

ఫలితం లేని సీజన్లనూ వదలకండి. 1962-63 చలికాలంలో మంచు వారాల తరబడి కరగలేదు, దేశమంతా మ్యాచ్‌లు ఆగిపోయాయి. ఆగిన మ్యాచ్‌ల ఫలితాలను ఊహించి చెప్పడానికి బెట్టింగ్ పూల్స్ కంపెనీలు ఒక ప్యానెల్ పెట్టాయంటే చూడండి. ఇక 2020 మార్చిలో కరోనాతో ఆట ఆపేసి, ఆ సీజన్ కింది స్థాయి ఫలితాలన్నీ కొట్టేశారు. మా జట్టు ఆ ఏడాది పట్టికలో పైన ఉంది. మా చరిత్రలో అంత బాగా ఆడిన సీజన్ ఇంకోటి లేదు, అధికారికంగా చూస్తే అది జరగనే లేదు. నేను ఆ పట్టిక మొత్తం పుస్తకంలో అచ్చేశాను. లీగ్ కొట్టేసుకోవచ్చు, మాకేం.

ఆడవాళ్ల గురించి. 1921 డిసెంబర్ 5న ఎఫ్ఏ తన కింద ఉన్న మైదానాల్లో ఆడవాళ్ల ఆటను నిషేధించింది. దానికి ఏడాది ముందే లివర్‌పూల్‌లో డిక్ కెర్ లేడీస్ అనే ఆడవాళ్ల జట్టు మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. నిషేధం 1971 దాకా ఉంది. అందువల్ల మీ క్లబ్ మొదటి ఏళ్ల ఫొటోల్లో ఆడవాళ్లు కనిపిస్తే టీ కెటిల్ దగ్గరే కనిపిస్తారు. కానీ క్లబ్ నడిచింది వాళ్ల వల్ల కూడా. మా కిట్‌ను పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఒకే ఆవిడ ఉతికింది. పదిహేను చొక్కాలు, బురద. ఆవిడ పేరు ఏ హ్యాండ్‌బుక్‌లోనూ లేదు. ఆవిణ్ని కలిస్తే ఆటగాళ్ల గురించి ఏ కెప్టెన్ చెప్పనివి చెప్పింది: ఎవడి చొక్కా చిరిగేది, ఎవడిది అసలు మురికే అయ్యేది కాదు.

మీరు తెలుగువారు కాబట్టి ఒక మాట. మన గురించి రాసుకోవడానికి సిగ్గుపడకండి, కానీ పుస్తకాన్ని మన కథగా మార్చేయకండి. నేను మొదటి డ్రాఫ్ట్‌లో ఆ తప్పు చేశాను. హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ గారు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, అమ్ముగూడ ఆటగాడు తులసీదాస్ బలరామ్... రెండు పేజీలు నింపేశాను. మా ఛైర్మన్ గారు చదివి, "బాగుంది, కానీ వీళ్లెవరూ మనకు సబ్స్ కట్టలేదు" అన్నారు. తీసేశాను. ఒక్కటి ఉంచాను, ఎందుకంటే అది మా పేటలోనే జరిగింది: 1948 ఒలింపిక్స్‌లో భారత జట్టు జులై 31న తూర్పు లండన్ ఇల్ఫర్డ్‌లో ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడింది. మనవాళ్లు ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు, రెండు పెనాల్టీలు వృథా చేశారు. మా క్లబ్‌లో ఒక పెద్దాయన వాళ్ల నాన్న ఆ మ్యాచ్ చూశాడట. నేను మొదటిరోజు మైదానానికి వచ్చినప్పుడు ఆయన నా బూట్ల వైపు చూసి, "ఈసారి వేసుకొచ్చావే" అన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు, కోపం వచ్చింది. ఎనిమిదేళ్లకు, పుస్తకం కోసం ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడితే, చిన్నప్పుడు ఇంట్లో ఎన్నిసార్లు విన్నాడో ఆ మ్యాచ్ కథ చెప్పాడు. అందరి మాటలూ అంత అమాయకం కాదు. చర్మం రంగు మీద మైదానంలో వినపడిన మాటలు కూడా ఉన్నాయి, అవీ రాశాను, అన్నవాళ్ల పేర్లు లేకుండా. కమిటీలో ఇద్దరికి నచ్చలేదు. ఉంచాం.

మాట్లాడించే పద్ధతి: ఒక్కొక్కరినీ విడిగా కలవండి. నలుగురినీ పబ్‌లో కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాడి చరిత్ర వస్తుంది. చేతిలో ఒక పాత ఫొటో పట్టుకెళ్లండి. "అప్పుడు ఎలా ఉండేది" అని అడిగితే "బాగుండేది" అంటారు, అంతటితో సరి. "వెనక వరసలో ఈ మూడోవాడెవరు" అని అడగండి, గంట మాట్లాడతారు.

పాత లోకల్ పేపర్లలో సండే లీగ్ ఫలితాలు చిన్న అక్షరాల్లో పడేవి. కొన్ని ఇప్పుడు బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, లేనివాటికి ఊరి లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పాలి. ఈ మధ్యకాలం ఫలితాలు ఎఫ్ఏ ఫుల్ టైమ్ సైట్‌లో ఉంటాయి. వాటిని ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకోండి, లీగ్ మూతపడితే ఎక్కడ వెతుకుతారు?

అచ్చు వేసే ముందు రెండు జాగ్రత్తలు. రిజిస్ట్రేషన్ కార్డుల మీద అడ్రసులు, పుట్టిన తేదీలు ఉంటాయి, కార్డు ఫొటో తీసి యథాతథంగా వేయకండి. పేపర్లో పడిన ఫొటోలకు కాపీరైట్ ఉంటుంది. ఫొటో పాతదే కదా అని మేం ఒకటి వేసేసి, తర్వాత క్షమాపణ ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ బ్రిటిష్ లైబ్రరీకి నెలలోపు పంపాలి, అది చట్టం. ఇంకోటి మీ ఊరి ఆర్కైవ్స్‌కు ఇవ్వండి.

మీ రెండు కప్పుల సంగతి మర్చిపోలేదు. అవి ఒక పేజీలో అయిపోతాయి. మేం గెలిచింది ఒక్కటే, అదీ ఫైనల్లో అవతలి జట్టు ఎనిమిదిమందితో వచ్చింది.

పాత సెక్రటరీ నంబర్ దొరికితే ఈ వారమే ఫోన్ చేయండి. ఆదివారం పొద్దున మాత్రం చేయకండి. మా పాత సెక్రటరీ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు, ఆ టైములో ఇప్పటికీ ఏదో ఒక పిచ్ పక్కన జెండా పట్టుకునే ఉంటాడు, ఫోన్ ఎత్తడు.